మెంటావై దీవుల్లో ఎకో రిసార్ట్ కడదామని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

కెరటం77
మూడేళ్లుగా సెలవు దొరికితే చాలు, బోర్డు పట్టుకుని ఇండోనేషియా పోతున్నా. పోయిన సీజన్‌లో సుమత్రాకి పడమర ఉన్న మెంటావై దీవుల్లో, సిపోరా దీవి పక్కన ఒక చిన్న దీవిలో ఇరవై రోజులున్నాను. ముందు రీఫ్ మీద, అంటే పగడపు దిబ్బ మీద, ఎడమకి విరిగే అల (మేం లెఫ్ట్ అంటాం), వెనకాల కొబ్బరితోట, మధ్యలో తెల్ల ఇసుక. వచ్చినప్పటి నుంచి అదే ధ్యాస. నేనూ, నాతో సర్ఫ్ చేసే ఆస్ట్రేలియా స్నేహితుడూ కలిసి అక్కడ ఆరు బంగళాల ఎకో రిసార్ట్ కడదామనుకుంటున్నాం. వెదురు గోడలు, సాగో ఆకు కప్పు, సోలార్ కరెంటు, వాన నీళ్లు. మంచం మీద పడుకుని అల చూడాలి కాబట్టి నీళ్లకి 15 మీటర్లలో కట్టాలని ప్లాన్. స్థలం చూపించినాయన సరేనన్నాడు.

ఒక కన్సల్టెంట్‌కి డబ్బు కడితే నలభై పేజీల ఫైలు పంపాడు. అందులో సూర్యాస్తమయం ఫోటోలు పదకొండు, మరుగుదొడ్డి గురించి ఒక్క వాక్యం. అందుకే ఇక్కడ అడుగుతున్నా. రిసార్ట్ పేరు మాత్రం ఖాయం చేసుకున్నాం.

ఊరికే_చదివేవాడు
ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. పేరేంటో చెప్పండి ముందు.

కెరటం77
చెప్పను, నవ్వుతారు.

సైట్_మేస్త్రి
15 మీటర్లా? ఇండోనేషియా చట్టంలో తీరపు హద్దు అని ఒకటుంది, సెంపదాన్ పంతాయ్ అంటారు. పెద్ద పోటు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో అక్కడి నుంచి లోపలికి కనీసం 100 మీటర్లు. 2007 నాటి తీరప్రాంత చట్టంలోనే ఉంది, 2016లో అధ్యక్షుడి ఉత్తర్వు కూడా వచ్చింది. పక్క రిసార్ట్‌వాళ్లు నీళ్లలో కాళ్లు పెట్టుకుని కట్టారు కదా అంటావు. కట్టారు. నువ్వు వాళ్ల ఫోటో చూసి కడితే నోటీసు నీకొస్తుంది, వాళ్లకి కాదు.

చట్టం పక్కన పెట్టినా, ఇసుక తీరం ఏటా ముందుకీ వెనక్కీ కదులుతుంది. ఈ సీజన్‌లో 15 మీటర్లున్నది వచ్చే సీజన్‌లో 6 అవుతుంది.

బోటు_బాబాయ్
పడాంగ్‌లో (ఆ దీవులకి బోట్లు బయలుదేరే సుమత్రా రేవు పట్టణం) ఆరేళ్లు చార్టర్ బోటు మీద, అంటే సర్ఫర్లు అద్దెకి తీసుకునే బోటు మీద పనిచేశాను, ఆ నీళ్లు నాకు బాగా తెలుసు. బాబూ, ముందు ఒక్క మాట. "స్థలం చూపించినాయన సరేనన్నాడు" అన్నావు. ఆయన ఎవరు? ఒక్కడేనా? అక్కడ నేల మనిషిది కాదు, ఉమాది.

ఊరికే_చదివేవాడు
ఉమ ఎవరు బాబాయ్, ఓనరా?

బోటు_బాబాయ్
హహ. నేనూ మొదటి నెలంతా ఉమ అంటే ఎవరో పెద్దావిడ అనుకున్నా. ఉమా అంటే వాళ్ల పెద్ద ఇల్లు, ఆ ఇంటికి చెందిన వంశం కూడా. నేల ఆ వంశం అందరిదీ. ఒక అన్న సంతకం పెడితే మిగతా అన్నదమ్ములు, పినతండ్రి కొడుకులు ఒప్పుకున్నట్టు కాదు. ఇంకో మెలిక: నేల ఒకరిది, మీద చెట్టు ఇంకొకరిది కావచ్చు. కొబ్బరిచెట్టు ఎవరు నాటితే వాళ్లది.

నాకు తెలిసిన ఒక విదేశీ ఆయన ఒక్కరి సంతకంతో లీజు రాయించుకున్నాడు. స్తంభాలు లేచాక ఒక పొద్దున పడవలో పదకొండు మంది దిగారు. గొడవేం పెట్టలేదు, కొబ్బరిచెట్ల కింద కూర్చున్నారు అంతే. ఒకాయన కత్తితో బోండాం కొట్టి మాకు కూడా ఇచ్చాడు. తర్వాత ఒక్కో చెట్టు చూపించి ఇది మా తాత నాటింది, ఇది మా అత్త నాటింది అని చెప్పుకుంటూ పోయారు. పని ఎనిమిది నెలలు ఆగింది. వాళ్లదే న్యాయం, అడగనిది ఈయన.

కాగితాలు_చూడు
బాబాయ్ చెప్పినదానికి చట్టం వైపు నుంచి రెండు ముక్కలు కలుపుతా. పూర్తి యాజమాన్యం, అంటే హక్ మిలిక్, ఇండోనేషియా పౌరులకే. 1960 భూచట్టం 21వ సెక్షన్. స్థానికుడి పేరు మీద కొని వెనకాల ఒప్పందం రాసుకుందాం అనే ఐడియా నీకు ఎవరో ఒకరు ఇచ్చే ఉంటారు. అదే చట్టం 26వ సెక్షన్ ప్రకారం ఆ లావాదేవీ చెల్లదు, కట్టిన డబ్బు కూడా వెనక్కి అడగలేవు.

సక్రమమైన దారి విదేశీ పెట్టుబడి కంపెనీ పెట్టుకోవడం, పీటీ పీఎంఏ అంటారు. దానికి హక్ గునా బంగునాన్, అంటే కట్టుకునే హక్కు వస్తుంది: 30 ఏళ్లు, పొడిగిస్తే 20, ఆపైన కొత్తగా ఇస్తే 30. కానీ పెట్టుబడి ప్రణాళిక 10 బిలియన్ రుపియా దాటాలి. ఆరు బంగళాలకి ఇది పెద్ద బరువే. అందుకే చాలామంది స్థానికులతో కలిసి, లీజు మీద నడుపుతారు. నోటరీ మీ వైపువాడై ఉండాలి, అమ్మేవాళ్లు తెచ్చినవాడు కాదు.

కెరటం77
26వ సెక్షన్ సంగతి నిజంగా తెలియదు. నా ఫ్రెండ్ సరిగ్గా ఆ "పేరు మాత్రం వాళ్లది" పద్ధతే అంటున్నాడు. ఇవాళ గొడవ తప్పదు.

వెలిగారం
నేలా కాగితాలూ పెద్దవాళ్లు చూసుకుంటారు, నేను వెదురు గురించి మాట్లాడతా. నా హ్యాండిల్ చూసి నవ్వకండి, పదేళ్లుగా దాంతోనే బతుకుతున్నా.

శుద్ధి చేయని వెదురుతో కడితే ఆరు నెలల్లో తెలుస్తుంది. పొద్దున లేస్తే దిండు మీద శనగపిండి చల్లినట్టు సన్నటి పొడి. పైకి చూస్తే బొంగులో సూది మొన అంత రంధ్రాలు. చెవి ఆనించి వింటే కరకర శబ్దం కూడా వస్తుంది. వెదురులో ఉన్న పిండిపదార్థం కోసం వచ్చే పురుగు అది. మందు పాతదే: బోరాక్స్, అదే మన వెలిగారం, దానికి బోరిక్ యాసిడ్ కలిపి నీళ్లలో కరిగించి, లోపలి కణుపులన్నీ పొడవాటి ఊచతో పొడిచి, తొట్టిలో వారం పైన నానబెట్టాలి. మూడేళ్లు దాటిన బొంగే కొట్టాలి, లేతది వద్దు.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ఆ మందు వానకి కడుక్కుపోతుంది. వాన తగిలే చోట శుద్ధి చేసిన వెదురు కూడా నిలవదు. చూరు మీటరు పైన బయటికి రావాలి, స్తంభం అడుగు రాతి మీద ఉండాలి, మట్టిలో పాతకూడదు. అక్కడ ఏడాది పొడుగునా వాన.

సైట్_మేస్త్రి
వెలిగారం గారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నా. స్తంభాలకి వెదురు వద్దు. ముదిరిపోయి కాపు తగ్గిన కొబ్బరిచెట్లు దీవిలోనే ఉంటాయి, వాటి మాను బయటి వైపు ఇనుములా ఉంటుంది. లోపలి మెత్తటి భాగం తీసి పారేయాలి. దానితో స్తంభాలు, వెదురుతో గోడలు. దూరం నుంచి కలప తెప్పించాల్సిన పని లేదు.

వెలిగారం
ఒప్పుకుంటా, కొబ్బరి కలపని కోసే రంపం పళ్లు ఎన్ని అరుగుతాయో లెక్కేసుకుంటే. నాలుగు చెట్లకి ఒక బ్లేడు పోయింది మాకు.

సైట్_మేస్త్రి
అరుగుతాయి, నిజమే. మేకులు, బోల్టుల సంగతి కూడా చెప్పేస్తా. మామూలు స్టెయిన్‌లెస్ 304 సముద్రం గాలికి ఏడాదిలో టీ మరకలు పడినట్టు అవుతుంది. 316 అడగండి. కాంక్రీట్ పోయాల్సిన చోట బీచ్ ఇసుక, పగడపు రాయి వాడొద్దు. ఉప్పు ఇనుప చువ్వని లోపలి నుంచే తినేస్తుంది. పైగా పగడం తవ్వితే నీ అలని నువ్వే తవ్వుకున్నట్టు, ఆ అల విరిగేది ఆ రీఫ్ మీదే కదా.

నీళ్ల_పిచ్చి
అందరూ గోడల గురించి కొట్టుకుంటున్నారు. మొదటి పోస్టులో ఆకు కప్పు అని, వాన నీళ్లు అని పక్కపక్కనే రాశారు. రెండూ ఒకే కప్పు మీద కుదరవు సార్. రుంబియా, అదే మీ సాగో ఆకు, దాని మీంచి జారే నీళ్లు డికాక్షన్ రంగులో ఉంటాయి, వాసన ఉంటుంది, పైన ఎలుకలూ బల్లులూ ఉంటాయి. ఆ ఆకు కూడా నాలుగైదేళ్లకోసారి మార్చాలి. వంటశాల, పెద్ద హాలు, స్టాఫ్ ఇళ్లు ఇవి రేకు కప్పుతో కట్టండి, నీళ్లు వాటి మీంచి పట్టండి. బంగళాలకి ఆకు వేసుకోండి, ఫోటోలకి బాగుంటుంది.

లెక్క సులువు. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 200 చదరపు మీటర్ల రేకు, 10 మిల్లీమీటర్ల జల్లు, 2000 లీటర్లు. పన్నెండు మంది అతిథులు, ఎనిమిది మంది స్టాఫ్, తలకి 100 లీటర్లు చొప్పున రోజుకి సరిగ్గా అంతే. పడాంగ్ వైపు ఏడాదికి 4000 మిల్లీమీటర్ల పైనే పడుతుంది కాబట్టి వాన లోటు లేదు, నిల్వదే సమస్య. అయినా ఒక నెల వాన మొహం చాటేస్తుందనుకుని 60,000 లీటర్ల ట్యాంకులు పెట్టుకోండి. ప్రతి జల్లులో మొదటి నీళ్లు బయటికి పోయేలా ఒక మళ్లింపు గొట్టం పెట్టండి, పక్షి రెట్టలన్నీ అందులోనే పోతాయి.

కెరటం77
బావి తవ్వుకుంటే సరిపోదా? అక్కడ మేం ఉన్న ఇంట్లో బావి ఉంది, నీళ్లు తియ్యగానే ఉన్నాయి.

నీళ్ల_పిచ్చి
ఆ ఇంట్లో ఎంతమంది? ఐదుగురు. చేదతో తోడతారు. చిన్న దీవుల కింద మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద తేలుతుంటాయి, సాంబారు మీద నూనె తేలినట్టు. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీళ్లుంటే కింద దాదాపు నలభై అడుగులు ఉంటాయని లెక్క. వినడానికి బాగుంది కదా? తిప్పి చదవండి. పైన ఒక అడుగు తగ్గితే కింద నుంచి ఉప్పు నలభై అడుగులు పైకొస్తుంది. మోటారు పెట్టి ఇరవై మందికి తోడితే ముందు ఉప్పెక్కేది పక్కింటి ఆ ఐదుగురి బావి. అప్పుడు పడవలో పదకొండు మంది కాదు, ఊరంతా దిగుతుంది.

పచ్చని_అబద్ధం
ఇంత రాశారు కాబట్టి నేనూ ఒకటి అంటా. కట్టకపోవడమే ఎకో. సర్ఫర్ పెర్త్ నుంచో సిడ్నీ నుంచో విమానంలో వస్తాడు, పడాంగ్ నుంచి ఫాస్ట్ బోటు, అక్కడి నుంచి స్పీడ్‌బోటు. చివర్లో వెదురు స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగి పర్యావరణాన్ని కాపాడానంటాడు.

బోటు_బాబాయ్
నీ మాటలో సగం నిజం ఉంది. కానీ ఏళ్ల తరబడి అక్కడ సర్ఫింగ్ అంటే చార్టర్ బోట్లే. మేం పడాంగ్‌లో సరుకు ఎక్కించుకునేవాళ్లం, అల ముందు లంగరు వేసేవాళ్లం, పది రోజులాడి వెళ్లిపోయేవాళ్లం. ఊళ్లో పైసా ఖర్చు పెట్టేవాళ్లం కాదు, లంగరు గొలుసు పగడాన్ని దున్నేది. 2016లో జిల్లావాళ్లు సర్ఫర్‌కి 15 రోజులకి 1 మిలియన్ రుపియా రుసుము పెట్టడానికి కారణం అదే. నేల మీద రిసార్ట్ ఉంటే కనీసం చేపా, అరటిగెలా, కందగడ్డా ఊళ్లో కొంటారు. పిల్లలకి పని దొరుకుతుంది.

కాకపోతే కార్బన్ లెక్క నువ్వు చెప్పిన చోటే ఉంది, సోలార్ ప్యానెల్ దగ్గర కాదు. 40 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ ఇంజన్లు రెండు ఫుల్‌గా లాగితే గంటకి 30 లీటర్ల పెట్రోలు. రోజుకి రెండు గంటలు తిప్పితే 60 లీటర్లు, అంటే 140 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్. కెరటం బాబూ, పాడిల్ చేసుకుంటూ వెళ్లగలిగే అల ముందే కట్టు. అదొక్కటే నిజమైన ఎకో. ఇంజన్ ఫోర్ స్ట్రోక్ తీసుకో.

సోలార్_సూరి
నా టాపిక్ ఇంకా రాలేదని చూస్తున్నా. ఒకే ప్రశ్న: ఏసీ ఉందా లేదా? మిగతాదంతా దాని మీదే.

ఏసీ లేకపోతే బంగళాకి ఫ్యాన్లు, లైట్లు, ఫోన్లు కలిపి రోజుకి 1 యూనిట్. వంటింట్లో ఫ్రిజ్, రెండు ఫ్రీజర్లు, పంపు కలిపి 8 వేసుకుందాం. మొత్తం 15 లోపు. 8 కిలోవాట్ల ప్యానెళ్లు పెడితే మబ్బు రోజుల్లో కూడా గట్టెక్కుతారు. ఏసీ పెడితే గదికి రాత్రికి ఇంకో 6 యూనిట్లు, ఆరు గదులకి 36. ప్యానెళ్లు, బ్యాటరీలు అన్నీ మూడు రెట్ల పైనే. వెదురు గోడ సందుల్లోంచి చల్లగాలి బయటికి పోతుంటే సముద్రాన్ని చల్లబరిచినట్టే.

బ్యాటరీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ తీసుకోండి. లెడ్ యాసిడ్ చవక అని వెళితే సగమే వాడుకోగలరు, ఆ వేడిలో తొందరగా పోతాయి. పోయినవాటిని పడాంగ్ చేర్చడం ఇంకో యజ్ఞం. బ్యాటరీ గదికి నీడ, గాలి రెండూ ఉండాలి. జనరేటర్ ఒకటి మూలన ఉంచండి, సిగ్గుపడకండి.

కెరటం77
ఏసీ వద్దనే అనుకున్నాం. ఫ్రెండ్ మాత్రం రెండు గదులకైనా ఉండాలంటున్నాడు, ఎక్కువ డబ్బిచ్చేవాళ్లు అడుగుతారట.

సోలార్_సూరి
ఆ రెండు గదులే మీ జనరేటర్‌ని రోజూ నడిపిస్తాయి. నేను చూసిన ప్రతి చోటా ఇదే కథ.

పచ్చని_అబద్ధం
మరి కన్సల్టెంట్ ఒక్క వాక్యంలో తేల్చేసిన మరుగుదొడ్డి?

నీళ్ల_పిచ్చి
దానికే వస్తున్నా. పగడపు ఇసుకలో సెప్టిక్ ట్యాంక్ కట్టి ఇంకుడు గుంటలోకి వదిలితే, ఆ నీళ్లు ఆగవు, వడపోత జరగదు. నేరుగా బావిలోకీ రీఫ్ మీదకీ పోతాయి. ఆ నీళ్లలోని నత్రజని పగడానికి పడదు, నాచుకి పడుతుంది. మూడు నాలుగు సీజన్లలో ముందున్న రీఫ్ పచ్చటి బురద కప్పుకుంటుంది.

నేనైతే మూత్రం విడిగా పోయే కంపోస్టు దొడ్లు పెడతా. ప్రతిసారీ గుప్పెడు రంపపు పొట్టు వేయాలి, మేస్త్రి గారి కొబ్బరి రంపం పొట్టు దండిగా వస్తుంది. అతిథులు మొహం చిట్లిస్తారని భయమైతే ఫ్లష్ పెట్టుకోండి, కానీ అడుగు సీలు వేసిన ట్యాంకు, దాని తర్వాత కంకర నింపి మెట్టతామర నాటిన మడి. స్నానం నీళ్లు, వంటింటి నీళ్లు అరటి పాదులకి. ఇవన్నీ తీరానికి వీలైనంత దూరంలో. ఆ 100 మీటర్ల రూలు ఇక్కడ మీకే మేలు చేస్తుంది.

ఊరికే_చదివేవాడు
సర్ఫింగ్ గురించి చదువుదామని వచ్చా. గంట నుంచి దొడ్డి గురించి చదువుతున్నా. ఆపలేకపోతున్నా.

అలజడి
చాలా రోజులుగా ఇక్కడ రాయలేదు, దీనికోసం లాగిన్ అయ్యా. ఎవరూ సునామీ మాట ఎత్తలేదేం?

2010 అక్టోబర్ 25, రాత్రి 9.42. తీవ్రత 7.8. మెంటావైలోనే దక్షిణాన, పగాయ్ దీవుల దగ్గర. ఆ భూకంపం విచిత్రం ఏంటంటే, ఊపు మెల్లగా, ఎక్కువ సేపు ఉంది. గట్టిగా కుదపలేదు కాబట్టి చాలామంది లేచి పరిగెత్తలేదు. కొన్ని నిమిషాల్లో నీళ్లొచ్చాయి. 400 మందికి పైగా పోయారు. కొన్ని చోట్ల నీళ్లు ఎక్కిన ఎత్తు పదిహేను మీటర్లు దాటింది. అది ఆ భూభాగంలో ఆఖరిది కాదు. మెంటావైలో ఉత్తరాన ఉన్న సిబెరుత్ దీవి కింద పలకలో ఒత్తిడి ఇంకా విడుదల కాలేదని భూకంప శాస్త్రవేత్తలు ఏళ్లుగా చెబుతున్నారు.

ఉత్తరాన నియాస్‌లో 2005 మార్చి 28న వచ్చినది 8.6. అక్కడ రీఫే పైకి లేచింది, ఆ దీవిలోని లగుంద్రి అల ముందుకంటే బరువుగా విరుగుతోందని సర్ఫర్లు సంబరంగా చెప్పుకుంటారు. ఆ రోజు పోయిన వందల ఇళ్లవాళ్లు అలా చెప్పుకోరు.

కెరటం గారూ, మీ దీవిలో ఎత్తైన చోటు ఎక్కడుంది? ఉందా?

కెరటం77
ఉంది. వెనకాల చిన్న గుట్ట. ఎత్తు నేను కొలవలేదు, చూస్తే ముప్పై మీటర్లు ఉండొచ్చు. దారి మాత్రం లేదు, పొద.

అలజడి
కొలవండి. సైరన్ కోసం, మెసేజ్ కోసం చూసే దీవి కాదు అది. నిమిషం పాటు ఊగిందంటే గట్టిగా ఊగినా మెల్లగా ఊగినా వెళ్లిపోవాలి. అర్ధరాత్రి, వానలో, చెప్పులు లేకుండా, మోకాలికి రీఫ్ కోసుకున్న అతిథి కూడా పది నిమిషాల్లో పైకి చేరే దారి కావాలి. మెట్లు, తాడు, చీకట్లో మెరిసే గుర్తులు, పైన నీళ్లూ టార్పాలిన్లూ. ప్రతి కొత్త బృందాన్నీ మొదటి రోజే ఒకసారి నడిపించండి, బోర్డుకి వ్యాక్స్ రాసుకోకముందే.

సైట్_మేస్త్రి
అలజడి గారు చెప్పినది నేను ముందే చెప్పాల్సింది. తీరపు హద్దు అని చట్టం చదివాను కానీ ఎందుకో చెప్పలేదు.

బోటు_బాబాయ్
ఆ రాత్రి నేను పడాంగ్‌లోనే ఉన్నా. దాని గురించి రాయలేను. దారి వేయి బాబూ.

వెలిగారం
మలేరియా కూడా ఉన్న చోటు అది, దోమతెరలు అలంకారం అనుకోవద్దు. గోడలో సందులుంటే మంచానికి తెర ఉండాల్సిందే.

కెరటం77
నాలుగు రోజులు రాయలేదు, క్షమించండి. ఫ్రెండ్‌తో కూర్చున్నా, రెండు రాత్రులు పట్టింది. "పేరు మాత్రం వాళ్లది" పద్ధతి వదిలేశాం. ఏసీ వదిలేశాం, అదే ఎక్కువ సేపు పట్టింది. ఆరు కాదు, మొదటి రెండేళ్లు మూడే బంగళాలు, తీరానికి దూరంగా కొబ్బరితోట వెనక. మంచం మీంచి అల కనపడదు. రేకు కప్పు హాలు, ట్యాంకులు, దొడ్లు ముందు కడతాం. నేను వచ్చే ఏప్రిల్ నుంచి సీజన్ అంతా అక్కడే అద్దెకుంటా, కట్టడానికి కాదు, ఆ వంశంలో ఎవరెవరున్నారో తెలుసుకోవడానికి.

కాగితాలు_చూడు
మంచి పని. నోటరీని మార్చారా?

కెరటం77
మార్చాం. పాతాయన స్థలం చూపించినాయన బావమరిది అని తేలింది.

ఊరికే_చదివేవాడు
😂 ఇప్పుడైనా పేరు చెప్పండి.

కెరటం77
"ఒరిజినల్ ప్యారడైజ్ ఎకో లెఫ్ట్స్".

ఊరికే_చదివేవాడు
చెప్పకపోయినా బాగుండేది.

అలజడి
పేరు సంగతి అలా ఉంచండి. గుట్ట మీదకి దారి వేస్తానన్నారు. ఆ గుట్ట ఎవరిది?

కెరటం77
అదే... ఫోన్‌లో అడిగా. అది ఇంకో ఉమాదట. మధ్యలో వాళ్ల జాజికాయ తోట ఉందట.

బోటు_బాబాయ్
వెళ్లేటప్పుడు ఉత్త చేతులతో వెళ్లకు. చెట్టు ఒక్కటి కూడా కొట్టకుండా దారి ఎలా వంచాలో వాళ్లనే అడుగు, వాళ్లకే తెలుసు. పని వాళ్లకే ఇవ్వు. ఏప్రిల్‌లో నేనూ పడాంగ్ వస్తున్నా, మువారో రేవు దగ్గర కలుద్దాం.